సారెతో తిరిగిన పెన్‌డ్రైవ్

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. కాకినాడలో ఏళ్ల తరబడి విలేకరిగా పనిచేశాను. ఫలానా ఇంట్లో దెయ్యం ఉందంటే వెళ్లి, గాలికి కొట్టుకునే కిటికీ రెక్క చూసి వచ్చేవాణ్ని. ఇది మాత్రం నా కళ్ల ముందు జరిగింది.

మా అక్కది మొగల్తూరు. మేనకోడలు పద్మజ పెళ్లయిన కొద్దిరోజులకే బావ గుండెపోటుతో పోయారు. స్టూడియో వాళ్లు పెళ్లి వీడియో తయారుచేసి ఇచ్చింది ఆయన పెద్దకర్మ అయ్యాకే. అందుకే మొదట్లో దండ వేసిన ఆయన ఫొటో, కింద 'నాన్నగారికి నివాళి' అని పెట్టారు. బావ నవ్వు, గొంతు మిగిలింది అందులోనే.

పద్మజ ద్రాక్షారామం దగ్గరి అత్తవారింటికి సారెతో వెళ్తూ ఆ పెన్‌డ్రైవ్ కూడా పట్టుకెళ్లింది. అత్తగారు సారె పంచుతూ దాన్నీ ఇంటింటికీ పంపారు.

"కాజాలు తిన్నారుగా వదినగారూ, వీడియో కూడా చూసి పక్కింటికి పంపేయండి."

తిరిగొచ్చేసరికి ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. స్టూడియోలో పెట్టి చూస్తే వాళ్ల కంప్యూటరూ అలాగే అయింది. అసలు కాపీ ఉన్నది అందులోనే.

కాకినాడలో రిపేరు షాపు నడిపే సూరిబాబుకు చూపించాం.

"వైరస్ అయితే ఏదో ఫైలుకి అంటుకుని ఉంటుందండి, మనం తెరిస్తేనే లేస్తుంది. ఇది వార్మ్, పురుగన్నమాట. తనంతట తనే పాకుతుంది. ఎవరింటి కంప్యూటర్లోంచో ఎక్కింది, తర్వాత పెట్టినచోటల్లా దిగింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసేసిందండి."

"తాళంచెవి?"

"మన దగ్గర లేదండి."

"అయితే నాన్న గొంతు ఇంక వినలేనా మావయ్యా?" అంది పద్మజ.

బావ కంప్యూటర్లో పెళ్లి ఫొటోలైనా ఉంటాయేమోనని సూరిబాబును తీసుకుని మొగల్తూరు వెళ్లాం. దానికి ఇంటర్నెట్ లేదు. ప్లగ్గు పీకేసి ఉంది. కప్పిన గుడ్డ మీద దుమ్ము చెదరలేదు. అక్కకు ఆన్ చేయడం కూడా రాదు.

తెర మీద 'బుజ్జులు' అని ఒక ఫోల్డర్ కనిపించింది. పద్మజను అలా పిలిచింది బావ ఒక్కరే. తెరిచాం. పెళ్లి వీడియో! మొదట్లోనే దండ వేసిన బావ ఫొటో. 'నాన్నగారికి నివాళి'.

ఆయన బతికుండగా ఆ వీడియో పుట్టనే లేదు.

"ఎవరు పెట్టారండి ఇది?" సూరిబాబు కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఎవరు పెడతారు బాబూ? ఆయన పోయిన మర్నాడు నా చేత్తో కప్పిన గుడ్డ అది," అంది అక్క.

వీడియో నడుస్తోంది. అప్పగింతలప్పుడు బావ కూతురి తల నిమురుతూ అంటున్నారు: "ఏడవకే బుజ్జులూ, నేనొస్తాగా."

పద్మజ తెర మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయింది.

పురుగు ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి పాకిందో సూరిబాబు తర్వాత వరసగా చెప్పగలిగాడు. ఆ వీడియో మాత్రం బావ కంప్యూటర్లోకి ఏ దారిన వచ్చిందో అతను చెప్పలేకపోయాడు. నేనూ ఈ రోజుకీ చెప్పలేను.