నాటకంలో లేని చేపల పులుసు

ఈ రోజు విజయనగరంలో మా నాటకం ఆడాం. ఒక పాతకాలం ప్రేమ నవలని ఈ కాలానికి మార్చి, హాస్యంగా రాసుకున్నాం. నవలలోని జమీందారు కొడుకు మా నాటకంలో సాలూరు లారీ ఓనరు. ఆ వేషం మా బావది, హీరోయిన్ మా అక్క. తెర పక్కన నిలబడి డైలాగులు అందించేది నేను. మొగుడూ పెళ్లాలు నిన్నటి నుంచి మాట్లాడుకోవడం లేదు. స్టేజి మీద మాత్రం చక్కగా ప్రేమించుకున్నారు.

చివరి సీనులో బావ మోకాళ్ల మీద కూర్చుని, "నన్ను పెళ్లి సేసుకుంటావా?" అని అడిగాడు. అక్క "సేసుకుంటాను" అనాలి, తెర పడాలి.

"నిన్న మీ యక్క ముందర నా సేపల పులుసు కషాయంలాగున్నాదన్నావా, లేదా?" అంది అక్క.

బావ నా వైపు చూశాడు. నేను స్క్రిప్టు వైపు చూశాను. అందులో పులుసు లేదు. "తప్పైపోనాది అను బావా" అని అందించాను. అన్నాడు.

"గట్టిగా సెప్పు. ఎనక వరసోళ్లకి ఇనబడాల."

బావ అరిచాడు. హాలంతా చప్పట్లు. అప్పుడు అక్క కళ్లు తుడుచుకుని, "సేసుకుంటాను" అంది. ఆ కన్నీళ్లు కూడా స్క్రిప్టులో లేవు.

డైరెక్టరు సంబరపడిపోయి, పులుసు డైలాగు ఇక ప్రతి ఆటలోనూ ఉంచేద్దామన్నాడు.

"అదొక్కటే ఎందుకండీ, ఊరికొకటి అడుగుతాను. నా కాడ బోల్డున్నాయి" అంది అక్క.

వచ్చే ఆదివారం శృంగవరపుకోటలో ఆట. బావకి అందించాల్సింది నేనే కాబట్టి అడుగుతున్నాను: మీ ఇళ్లలో "తప్పైపోనాది" కాకుండా పనిచేసిన డైలాగు ఇంకేదైనా ఉందా?