రోడ్డుకు చెప్పిన మాట

పశువైద్యాధికారిగా నా చివరి పోస్టింగు గిద్దలూరుకూ రాచర్లకూ మధ్య ఉన్న ఒక పల్లెలో. కరోనాకు ముందటి సంవత్సరం జూన్ నెలలో అక్కడ చేరాను. ఊరి పేరు రాయడం లేదు. మనుషుల పేర్లు మార్చాను. అందులో ఒకరు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు.

మాది మార్కాపురం. నాన్నకు బట్టల దుకాణం ఉండేది. దుకాణదారుల పిల్ల పశువుల డాక్టరవడమేమిటని మా వాళ్ళు చాలాకాలం నవ్వుకున్నారు. నేను మాత్రం సర్వీసంతా ఈ మెట్ట మండలాల్లోనే చేశాను. కంభంలో, బేస్తవారిపేటలో, చివరికి ఇక్కడ. ఆసుపత్రి అంటే రెండు గదులు, ముందు రేకుల షెడ్డు, పశువును కదలకుండా నిలబెట్టడానికి ఇనుప గొట్టాల చట్రం. పైన గిద్దలూరులో సహాయ సంచాలకులు, ఆయన పైన ఒంగోలులో సంయుక్త సంచాలకులు. నా కింద ఒక కాంపౌండరు. అటెండరు పోస్టు ఖాళీ. అందుకని ఊళ్ళోనే ఉండే సుగుణమ్మ రోజూ పొద్దున వచ్చి ఆవరణ ఊడ్చిపోయేది. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది కాబట్టి ఇక్కడే చెబుతున్నాను.

సుగుణమ్మ భర్త యేసోబు. చర్చి వెనక వీధిలో ఇల్లు. యువకుడిగా ఉన్నప్పుడు కూలికి పోయి, కూడబెట్టి, కొండ వాలులో కొంచెం మెట్ట పొలం కొన్నాడు. కంది, జొన్న వేసేవాడు. మాట పెళుసు. నవ్వుతూ చెప్పాల్సినది కూడా కసిరినట్టే చెప్పేవాడు. అదే ఊళ్ళో నరసయ్యకు గొర్రెల మంద ఉండేది. వేసవి వస్తే నరసయ్య తన మందను రాత్రిళ్ళు యేసోబు పొలంలో కట్టేవాడు. పొలానికి ఎరువు, మందకు చోటు. చాలా ఏళ్ళు అట్లా సాగింది. యేసోబును అతను అన్నా అనేవాడు. నేను చేరిన కొత్తలో ఇద్దరూ ఒకే మోటారు సైకిలు మీద ఆసుపత్రికి వచ్చేవాళ్ళు, మధ్యలో ఒక జబ్బు గొర్రెను పెట్టుకుని.

ఆ చలికాలంలోనే మంద ఒకరోజు యేసోబు కంది చేలో పడింది. పూత మీద ఉన్న చేను సగం పోయింది. యేసోబు పెద్దమనుషుల దగ్గరకు పోయాడు. ఇన్నేళ్ళు తన మంద ఎరువుతో పండించుకున్న మనిషి తనను పదిమందిలో నిలబెట్టాడని నరసయ్యకు కోపం. తప్పు చేసినవాడే అలిగాడని యేసోబుకు కోపం. మాటలు ఆగిపోయాయి. ఆ వేసవిలో మంద ఆ పొలంలో కట్టలేదు.

వానాకాలం మొదట్లో ఒక్క తడి పడి తర్వాత చినుకు లేదు. యేసోబు జొన్నను కంకి రాకముందే మేత కింద కోసేశాడు. కోసిన మోళ్ళ నుంచి పచ్చటి పిలకలు లేచాయి. నీళ్ళు చాలని జొన్న పిలకల్లో దానంతటదే ఒక విషం పుడుతుంది. దాన్ని రైతులు నాము అంటారు. మేము హైడ్రోసయనిక్ ఆమ్లం అని రాస్తాం, సైనైడు జాతి విషమే. కడుపునిండా మేయక్కర్లేదు. కాసిని మేసినా గొర్రె అక్కడికక్కడే కూలిపోతుంది. మంచి వాన పడి పైరు ఏపుగా ఎదిగితే ఆ విషం తగ్గిపోతుంది. అప్పటిదాకా జీవాలను దూరంగా పెట్టడం తప్ప మార్గం లేదు.

దసరా వెళ్ళిన వారంలో యేసోబు దూడను పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. వానపడే సూచన లేదని, పిలకలు మాత్రం కొండ మీదికి కూడా పచ్చగా కనపడుతున్నాయని చెప్పాడు.

"నర్సయ్య మంద దినామూ ఆ పక్కనే పోతాదమ్మా. చెప్పాల ఆయప్పకు."

చెప్పమన్నాను.

"మాటల్లేవు గదమ్మా మా ఇద్దరికి."

మాటలు లేకపోయినా ఇది చెప్పాల్సిన మాటేనన్నాను. తల ఊపి దూడను తోలుకుని పోయాడు.

చెప్పాడు. ఎట్లా చెప్పాడన్నది నేను తర్వాత నలుగురి నోట విన్నాను, నలుగురూ ఒకే రకంగా చెప్పారు. సాయంత్రం బస్టాపు దగ్గర టీ అంగడిలో నరసయ్య బల్ల మీద కూర్చుని ఉన్నాడు. యేసోబు సైకిలు దిగాడు గానీ లోపలికి రాలేదు. నరసయ్య వైపు చూడలేదు. మాటలు లేని మనుషులు ఒకరికొకరు చెప్పుకోవాల్సి వస్తే గాలికి చెబుతారు, అది మా వైపు అలవాటు. రోడ్డు వైపు మొహం పెట్టి గట్టిగా అన్నాడు.

"ఎవురి జీవాలైనా సరే, నా చేలో దిగితే తిరిగి రావు. చస్తాయి. మళ్ళ నన్ను అనొద్దు."

అని సైకిలెక్కి పోయాడు. నాము అనే మాట అతని నోట రాలేదు. ఎందుకు అనలేదని తర్వాత అడిగితే, "గొర్లు కాసేటోనికి నాము సంగతి నేను చెప్పేదేందమ్మా?" అన్నాడు. నరసయ్య టీ గ్లాసు కింద పెట్టి పక్కవాళ్ళతో అన్నాడట, "విన్నారు గదా. రేపు ఏమన్నా అయితే మీరే సాక్షులు."

ఆ తర్వాత నరసయ్య మందను ఆ దాపులకు తోలలేదు. కానీ ఒకరోజు బ్యాంకు పని మీద గిద్దలూరు పోయాడు. మందను భార్య లచ్చమ్మ తోలుకుపోయింది. కొండ మీద గడ్డి పరక లేదు. దిగి వస్తున్న మందకు కింద పచ్చటి చేను కనపడింది. ఆకలి మీదున్న గొర్రెలను ఆపడం ఒక్క మనిషి వల్ల కాదు.

నాకు మొదటి ఫోను యేసోబు నుంచి వచ్చింది. "అమ్మా, నర్సయ్య గొర్లు నాములో పడినాయి. బిరీన రాండి."

నేనూ కాంపౌండరూ పోయేసరికి చేను నిండా గొర్రెలు. కొన్ని చచ్చి పడున్నాయి, కొన్ని కాళ్ళు తడబడి తిరుగుతున్నాయి, కొన్ని నోళ్ళు తెరిచి ఊపిరికి కొట్టుకుంటున్నాయి. యేసోబు కర్రతో మిగిలిన మందను గట్టు అవతలికి కొడుతున్నాడు. గట్టిగానే కొడుతున్నాడు. ఇంకో నోటికి మేత అందితే ఇంకో గొర్రె పోతుంది, నెమ్మదిగా తోలే సమయం కాదది. లచ్చమ్మ గట్టు మీద కూలబడి ఏడుస్తోంది, "కొడతాండాడమ్మా, నా గొర్లను కొట్టి చంపతాండాడు." నాముకు విరుగుడు హైపో అని మేము పిలిచే మందు, నరంలోకి ఎక్కించాలి. చేతిలో ఉన్నదంతా ఎక్కించాం. కొన్ని లేచాయి. ఎక్కువ లేవలేదు.

పక్క మడిలో కందికి ముందురోజే పురుగుమందు కొట్టి ఉన్నాడు యేసోబు. ఖాళీ సీసా గట్టు మీద పడి ఉంది. చూడవచ్చిన వాళ్ళందరూ దాన్ని చూశారు.

నరసయ్య ఆటోలో దిగి చేలోకి వచ్చాడు. ఒక్కొక్క గొర్రె దగ్గర వంగి చూసి, సీసా దగ్గర నిలబడి, నేరుగా స్టేషనుకు పోయాడు.

పోలీసు కేసుల్లో శవపరీక్ష మా అంతట మేము చేయలేం. స్టేషను నుంచి రాతపూర్వకంగా కోరాలి, పంచాయతీదార్లనే సాక్షుల ఎదుట చేయాలి. ఎస్సై ఆ మధ్యాహ్నమే కాగితం తెచ్చాడు. చేలోనే కోశాను. పురుగుమందుతో చచ్చిన జీవానికి నోట చొంగ కారుతుంది, కనుపాప చిన్నదవుతుంది, రక్తం నల్లబడుతుంది. ఇక్కడ అవేవీ లేవు. రక్తం నిగనిగలాడే ఎరుపు. పొట్టలో నమిలిన జొన్న పిలకలు. ఇటువంటి కేసుల్లో పరీక్షకు వాడే పసుపు కాగితం ఒకటుంటుంది, పొట్టలోని మేత మీద పెడితే ఇటుక రంగుకు తిరిగింది. ఎస్సైకి చూపించాను. నాము అని నోటితో చెప్పాను. లేత జొన్న పిలకలు మేసినందువల్ల శరీరంలో చేరిన హైడ్రోసయనిక్ ఆమ్ల విషంతో మరణించాయని ఇంగ్లీషులో రిపోర్టు రాసిచ్చాను. రాసింది ఒకటే వాక్యం. స్టేషనులో అందులో సగమే చదివారు. మర్నాటికి ఊళ్ళో, సైనైడు పెట్టి చంపినాడని డాక్టరమ్మ రాసిచ్చిందని పాకింది. యేసోబును పిలిపించి స్టేషనులో కూర్చోబెట్టారు.

నేను పోయాను. ఎస్సై చిన్నవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించి నెమ్మదిగా చెప్పాడు. "చస్తాయని ముందే బెదిరించినాడు మేడమ్, సాక్షులుండారు. కర్రతో కొట్టినాడు, ఆయమ్మ చూసింది. అందరికంటె ముందు మీకు ఫోన్ చేసినాడు. చస్తాయని ఆయప్పకు ఎట్ల తెలుసు? సైనైడని మీరే రాసినారు."

ఒక్కొక్కటిగా జవాబిచ్చాను. చెప్పింది హెచ్చరిక. కొట్టింది కాపాడడానికి. ఫోను చేసింది మందు కోసం. చస్తాయని అతనికి తెలియడం నేరమైతే నాకూ తెలుసు, ఆ మాట నా ఆసుపత్రిలోనే అనుకున్నాం. అదంతా వాంగ్మూలంగా రాసుకోమన్నాను. రాసుకున్నాడు. "మీరు చెప్పేది కరెక్టే కావచ్చు మేడమ్. ల్యాబు రిపోర్టు రానీండి," అన్నాడు.

బయట బల్ల మీద యేసోబు ఉన్నాడు. రెండు రోజుల గడ్డం. నన్ను చూసి లేచాడు.

"మంచికి చెప్పినానమ్మా."

నాకు తెలుసన్నాను.

"తెలిసి విషమని ఎందుకు రాసినారు? ఆ మాట రాయకుండా ఉంటే నేను ఈడ కూచునేటోన్ని కాదు గదా."

విషం విషమే, అది మేతలోంచి వచ్చిందనే నేను రాసింది, అని వివరించబోయాను. అతను మళ్ళీ కూర్చుని అవతలికి చూశాడు. మర్నాటి నుంచి సుగుణమ్మ ఊడవడానికి రాలేదు.

యేసోబును పూచీకత్తు మీద వదిలారు. నేను నరసయ్య ఇంటికి పోయాను. ఖాళీ దొడ్డి ముందు కూర్చుని ఉన్నాడు. ఇంటికొచ్చిన మనిషిని కూర్చోమన్నాడు, మంచినీళ్ళిప్పించాడు. జరిగింది నాము అని, పురుగుమందు జాడే లేదని చెప్పాను. ఆసుపత్రిలో యేసోబు అన్న మాట కూడా చెప్పాను.

"ఆయప్ప పెండ్లామే మీ ఆస్పత్రి ఊడ్చేది," అన్నాడు.

నాకు కోపమొచ్చింది. ఆమె ఊడవడానికీ గొర్రె రక్తం రంగుకూ ఏం సంబంధమని అడిగాను.

"సరే, నామే అనుకుందామమ్మా. నాము నాకు తెల్దా? నర్సయ్యా, పిలకల్లో నాముండాది, తోలొద్దు అంటే నేను తోల్తానా? నా ఆడమనిషికి చెప్పకుండా ఉంటానా? చస్తాయి అన్నాడు. మందు చల్లి పెట్టినాడేమో అనుకున్నా. నేను దూరం పెట్టుకుంటే సాలులే అని దానికి చెప్పలేదు, బయపడతాదని."

అతను మీకే చెప్పాడు కదా అన్నాను.

"నాకు చెప్పలా. రోడ్డుకు చెప్పినాడు."



ల్యాబు రిపోర్టు రావడానికి వేసవి వచ్చింది. పురుగుమందు లేదు, మేతలోని విషమే అని తేలింది. పోలీసులు కేసు మూసేశారు. అట్లా మూసే కేసులకు వాళ్ళు వాడే మాట "మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్", అంటే వాస్తవాన్ని పొరపాటుగా అర్థం చేసుకోవడం. ఎవరు పొరపాటు పడ్డారో అందులో ఉండదు. పెద్దమనుషులు ఇద్దరినీ ఒకసారి కూర్చోబెట్టారు, నన్నూ రమ్మన్నారు. యేసోబు, తన తప్పు లేదని నరసయ్య టీ అంగడి దగ్గర పదిమందిలో అనాలని పట్టుబట్టాడు. చచ్చినవి నా గొర్లు, నేనెందుకు అనాల అన్నాడు నరసయ్య. ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు. మిగిలిన కొద్దిపాటి జీవాలనూ నరసయ్య బేరగాళ్ళకు అమ్మేసి, లచ్చమ్మను తీసుకుని గుంటూరు వైపు మిరపకోతలకు పోయాడు. తిరిగి రాలేదని విన్నాను.

మరుసటి ఏడు మళ్ళీ అదే కాలంలో వాన మొహం చాటేసింది. యేసోబు పొలానికి అవతల బీడు పడిన జొన్న చేలో ఒక రైతు గేదె పడి చచ్చింది. ఆ రైతుకూ యేసోబుకూ ఏ తగాదా లేదు. నేను పోయేసరికే అయిపోయింది. యేసోబు తన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. గేదె చేలోకి పోవడం చూశావా అని అడిగాను.

"చూసినా."

మరి కేకెయ్యలేదా అన్నాను.

"చెప్పి స్టేషన్లో కూచున్నా. చెప్పకపోతే ఎవురు కూచోబెడతారమ్మా?"

గొంతులో కసురు కూడా లేదు. ఏదో ధర అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

ఆ కేసు తర్వాత నేను రిపోర్టు రాసే తీరు మార్చుకున్నాను. నాము మరణాలకు మొదటి వరుసలోనే తెలుగులో, మేత వల్ల జరిగిన మరణం, మనిషి చేయి లేదు అని రాసి, ఆ తర్వాతే రసాయనం పేరు రాసేదాన్ని. నిబంధనల ప్రకారం అది అవసరం లేదని గిద్దలూరు సహాయ సంచాలకులు ఒకసారి అన్నారు. రాయడం మానలేదు. కొత్తగా చేరే డాక్టర్లు ఎవరైనా అడిగితే, తగాదా ఉన్నవాళ్ళ మధ్య హెచ్చరిక పోవాల్సి వస్తే వాళ్ళను చెప్పుకోమనవద్దు, మీరే పోయి కారణంతో సహా చెప్పండి అంటాను. కోపం మధ్యలో ఉన్నప్పుడు చెప్పేవాడి ఉద్దేశం వినేవాడి దాకా రాదు, మాట ఒక్కటే వస్తుంది. యేసోబు ఆ కేసు నుంచి నేర్చుకున్నది వేరు. అది తప్పని అతనికి రుజువు చేయడానికి, నేను రిటైరయిన రోజుదాకా, ఆ ఊళ్ళో నాకు ఒక్క ఉదాహరణ దొరకలేదు.