నాలుగో మూల

మాది రాయచూరులో బట్టల దుకాణం. మీటరు కట్టెతో కొలిచి, వేలెడు గుడ్డ కూడా ఎక్కువ పోనివ్వకుండా కోయడం మా ఇంట్లో అందరికీ చిన్నప్పుడే అలవాటవుతుంది. ఆ అలవాటే నా కొంప ముంచింది.

మంచాన పడకముందు అమ్మ తన పాత చీరలతో బొంత కుట్టుకోవడం మొదలుపెట్టింది. చుట్టూ ఎర్రగుడ్డ అంచు వేయాలి. మూలల దగ్గర రెండు అంచుల్నీ ఏటవాలుగా మడిచి కలపాలి కాబట్టి, ప్రతి అంచూ బొంత కంటే జానెడు పొడుగుండాలి. మూడు అంచులు తనే కోసిపెట్టింది. వేళ్లు వణకడం మొదలయ్యాక పని నా మీద పడింది. నాలుగో అంచును నేను సరిగ్గా బొంత కొలతకే కోశాను. ఒక కొసన మడతకు వదిలి కుట్టుకొస్తే మూడు మూలలు కుదిరాయి. నాలుగో దానికి గుడ్డ చాల్లేదు.

"అంగట్ల గిరాకికి కోసినట్టు కోస్తివి గదనే," అంది అమ్మ, నవ్వబోయి దగ్గుతూ. "ఏదన్న ముక్క అతుకేసి కుట్టు పో."

బొంతంతా అతుకులే అయినా, అంచుకు అతుకేయడం నాకు నామోషీ. ఆ ఎరుపు మా దుకాణంలో అయిపోయింది. మస్కి సంతలో దొరుకుతుంది, మూడు రోజులు ఆగుదామన్నాను.

రెండో రోజు మధ్యాహ్నం అమ్మకు చలి పట్టుకుంది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా వణుకు తగ్గలేదు.

"ఆ బొంత కప్పవే."

ఒక మూల కుట్టకుండా మిగిలిన బొంత కప్పితే మనిషి ఆయుష్షు తగ్గుతుందని మా ఇంట్లో నమ్మకం. నాకది నేర్పింది అమ్మే.

"నువ్వే గద కప్పొద్దంటివి! ఇంకొక్క దినం ఓర్సుకో," అని కసిరాను. భయంతోనే కసిరాను. ఆమెకు వినపడింది మాత్రం కసురే.

"ఆయుష్షు సంగతి నేను చూసుకుంట గానీ, చలి పెడ్తుందే," అంది. నేను కప్పలేదు. మర్నాడు పొద్దున అమ్మ పోయింది.

కర్మలయ్యాక మస్కి నుంచి ఎర్రగుడ్డ తెప్పించి కొత్త అంచు కోశాను, ఈసారి రెండు కొసలా కావలసినంత వదిలి. నాలుగో మూల మిగతా మూడింటి కంటే చక్కగా కుదిరింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నాకు దాన్ని పీకి పారేయాలనిపించింది.

బొంత మా బీరువాలోనే ఉంది. ఎంత చలేసినా నేను కప్పుకోను.