నీళ్లు తోడితే బండ కదలదు

వికారాబాద్‌లో తొమ్మిదేళ్లు పనిచేశాక, పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లుందనగా నన్ను తాండూరు ప్రభుత్వాసుపత్రికి బదిలీ చేశారు. హోదా సివిల్ సర్జన్. పని మాత్రం ఓపీలో కూర్చుని గొంతు పోయేదాకా మాట్లాడటం. తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ ఒకే వరుసలో నిలబడి నన్ను పిలిచేవి. ఆ గోలను అప్పట్లో తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ఇంట్లో కూర్చుంటే అదే కావాలనిపిస్తుంది.

ఒక సోమవారం పెద్దేముల్ నుంచి నర్సింలును అతని భార్య భీమమ్మ తీసుకొచ్చింది. పాలిషింగ్ యూనిట్‌లో నాపబండలు కోసే మనిషి, యాభై దాటలేదు. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతులు. ఆమె ఫికరు అది కాదు. "బండ మీద గీత గీస్తే ఎడమ దిక్కు వంకర పోతుంది డాక్టరమ్మా. కంచంల గూడ ఎడమ దిక్కు బువ్వ అట్లనే ఇడిసిపెడుతుండు," అంది. అతని కళ్లు బాగానే ఉన్నాయి. మెదడుకు కుడివైపు దెబ్బ తగిలితే కొందరికి ఎడమవైపు ఒకటి ఉందన్న ధ్యాసే పోతుంది. స్కాన్ తీయిస్తే కుడివైపు గడ్డ, దాని చుట్టూ వాపు కనిపించాయి. చూడబోతే వేగంగా పెరిగే రకం.

పట్నంలో పెద్దాసుపత్రికి చీటీ రాశాను. ఈలోగా వాపు తగ్గడానికి స్టెరాయిడ్ గోలీలు ఇచ్చాను. వీటితో నొప్పి తగ్గుతుంది, తొందరగా పట్నం పొమ్మన్నాను. వెనక అరవై మంది నిలబడి ఉన్నారు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు.

నొప్పి నిజంగానే తగ్గింది. మూడో రోజుకు కంచం ఖాళీ అయింది, గీత తిన్నగా వచ్చింది. ఇక పట్నం ఎందుకనుకున్నారు. భీమమ్మ నా చీటీని పొలం పాసుబుక్కులో దాచి, ఖాళీ గోలీల పట్టీ చూపించి మందుల దుకాణంలో అవే గోలీలు మళ్లీ మళ్లీ తెచ్చింది. మా వైపు గుణమిచ్చిన గోలీని వదలరు. ఐదో వారంలో ఫిట్స్ వచ్చి, నర్సింలును షేర్ ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు.

నాకు కోపం ఎక్కువ. భీమమ్మను అందరి ముందూ తిట్టాను. ఆమె తల దించుకోలేదు.

"నొప్పి తగ్గుతదన్నవ్, తగ్గింది. గడ్డ పోదని ఎప్పుడన్నవ్?"

సిగ్గేసింది.

అతనికి తెలివొచ్చాక, అంబులెన్స్ వచ్చేలోగా మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. గనిలో నీళ్లు నిండితే ఏం చేస్తారని అడిగాను. మోటరు పెట్టి తోడుతామన్నాడు. బండ కదులుతుందా అన్నాను. "కదలదు. అంటే గీ గోలీ మోటరు లెక్కనా?" అన్నాడు. అవునన్నాను. ఆపరేషన్‌లో కంటికి కనిపించినంత తీస్తారు, గడ్డ వేర్లు మెదడులోనే మిగులుతాయి. వాటికి ఆరు వారాలు కరెంటు పెడతారు. రేడియేషన్‌ను మా జనం అలాగే అంటారు. దాంతోపాటు కీమో గోలీలు. ఇంత చేసినా ఈ రకం గడ్డ దాదాపు మళ్లీ వస్తుంది. ఏదీ దాచకుండా చెప్పాను.

"ఇంట్ల బండలు పరిచేది ఉంది. గడ్డ గంత టైమిస్తదా?" అన్నాడు.

ఇవ్వొచ్చు గానీ మాటివ్వలేనన్నాను.

ఆపరేషన్, కరెంటు అయ్యాక ఏడాదికి పైగా ఇచ్చింది. కీమో గోలీలు లేని రోజుల్లో ఇంటికి బండలు తనే పరుచుకున్నాడు. అతను పోయాక పెద్దేముల్ వెళ్లాను. నేలంతా దారం పట్టి గీసినట్టు తిన్నగా ఉంది, చివరి వరుస ఒక్కటే ఎడమకు వంకర పోయింది. సరిచేయిస్తావా అని భీమమ్మను అడిగాను.

"ఎందుకు? గా వంకర కనవడ్డనాడే గడ్డ మళ్ల వచ్చిందని ఎరుకై చీటీ పట్టుకొని పట్నం పోయినం. ఈసారి ఒక్కదినం గూడ ఆగలే," అంది.

రిటైరయ్యేదాకా నేను ఏ గోలీ రాసినా, అది ఏం చేయలేదో ముందు చెప్పి తర్వాతే చీటీ చేతికిచ్చాను. అందుకు ఒక నిమిషం పడుతుంది. వెనక అరవై మంది ఉన్నా ఆ నిమిషం దొరుకుతుంది.