నిద్రపోయే నాభికి నీళ్లు

మా అవ్వ వరమ్మకు రెంటి మీదే గట్టి నమ్మకం. ఒకటి యేసుప్రభువు, రెండోది ఇంటి ముందర జెముడు కంచె పక్కన తను పాతుకున్న అడవినాభి. మా తాత ప్రేమయ్య ఆ జాబితాలో ఎక్కడా లేడు. కోడుమూరు పక్క పల్లెలో రాతిగోడలు కట్టే మనిషి ఆయన. ఏ రాయి ఎక్కడ పెడితే నిలుస్తుందో చూడగానే చెప్పేవాడు, మాట ఎక్కడ పెట్టాలో మాత్రం చచ్చేదాకా తెలుసుకోలేదు.

గుట్టకు పుల్లలకు పోయినప్పుడు అవ్వ ఆ గడ్డను తవ్వి తెచ్చింది. రెండు కొమ్ములుగా చీలిన విషపు గడ్డ. తొలకరికి మొలిచి, ఆకుల కొసలతోనే అందినదాన్ని చుట్టుకుంటూ పైకెక్కుతుంది. పువ్వు ముందు ఆకుపచ్చగా విచ్చి, పసుపు తిరిగి, వారానికి పొయ్యిమంటలా ఎర్రబడుతుంది. క్రిస్మస్ నాటికి తీగంతా ఎండిపోతుంది. గడ్డ మాత్రం మళ్లీ వానలు పడేదాకా నేలలో నిద్రపోతుంది.

"ఊళ్లో ఆడోళ్లంతా బంతిచెట్లు పెంచుకుంటాండారు. నువ్వు ఏటేటా సచ్చే చెట్టును సాకుతాండావు" అని తాత రోజూ ఎగతాళి చేసేవాడు.

చర్చిలో బల్ల మీద పూలు పెట్టే పని ఆదివారానికొక ఇంటి వంతు. అవ్వ వంతు ఎప్పుడొచ్చినా నాభి నిద్రలోనే ఉండేది. సంఘపెద్ద సుందరం భార్య కృపమణి దగ్గర బంతిపూలు అడుక్కోవలసి వచ్చేది. ఆమె ఊరికే ఇచ్చేదా? "ఏం వరమ్మక్కా, నీ పువ్వు ఇంకా లెయ్యలేదా?" అని పది మందిలో అడిగి మరీ ఇచ్చేది. నాభి నాటిన ముప్పై నాలుగో సంవత్సరంలో మొట్టమొదటిసారి అవ్వ వంతు ఆగస్టు నెలలో పడింది. నాభి పూసే కాలం! అవ్వకు కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆమె కూతురి కాన్పు చూడటానికి డోన్ పోతూ తాతకు ఒక్క మాటే చెప్పింది: "నా చెట్టు జాగ్రత్త."

మే నెలలో తిరిగొచ్చేసరికి కంచె పక్కన నేల బురదగా ఉంది. తాత ఎదురొచ్చాడు, మెచ్చుకుంటుందని.

"ఒక్క దినం గూడా తప్పలే. నేను స్నానం మానుకుంటి గానీ, అంత దూరం బాయి నుంచి దానికి దినామూ కడవ నీళ్లు మోసినా."

అవ్వ పార అందుకుంది. గబగబా తవ్వింది. ఒక కొమ్ము కుళ్లి, వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

"యాలకు పోసినావయ్యా? పండుకున్నోళ్ల నోట్లో కడవ నీళ్లు పోస్తే బతుకుతారా? నీకు పోసి సూడాల్నా?"

"అది పండుకున్యాదని నాకేం తెలుసు? గురక పెడతాదా?"

అవ్వ ఆ కడవను ఎత్తి కొట్టింది. మూతి పగిలి అడుగు మిగిలింది.

అదృష్టం, రెండో కొమ్ము గట్టిగానే ఉంది. కుళ్లు కోసేసి, బూడిద పూసి, పొడి ఇసుకలో పెట్టి ఉట్టి మీద దాచింది. తొలి వాన పడగానే ఆ పగిలిన కడవలోనే నాటింది. తాతను మాత్రం పది బారల దూరంలో నిలబెట్టింది. ఆయనకు ఏం చెయ్యాలో తోచక కడవ చుట్టూ చిన్న రాతిగోడ కట్టాడు.

మొలక లేచింది. వంతు ముందురోజుకు ఒకే ఒక్క పువ్వు విచ్చింది, అదీ పచ్చి ఆకు రంగులో. కొయ్యడానికి అవ్వకు చెయ్యి రాలేదు.

"కొయ్యాకు. కుండతో సహా పోదాం" అని తాత దాన్ని నెత్తిన మోసుకుపోయి, బైబిలు పెట్టుకుని చదివే కమ్మీల ఎత్తుపీట పక్కన దించాడు.

ఆదివారం కృపమణి మూతి తిప్పింది. "ఇదేం పువ్వక్కా? ఆకు మాదిరి ఉండాది!"

"ఆగు. ఇంకా మొగం కడుక్కోలే" అంది అవ్వ. కానీ ఇంటికి పోయి పడుకుని ఏడ్చింది.

కడవ తెచ్చుకోవడానికి తాత సోమవారం పోతే, ఆకుల కొసలు అప్పటికే పీట కమ్మీలను చుట్టుకుని ఉన్నాయి. లాగితే తెగుతాయి. నాభి విషయంలో ఇంకో తప్పు చేసే ధైర్యం ఆయనకు లేదు. వదిలేసి వచ్చాడు.

మరుసటి ఆదివారం కృపమణి వంతు. గంపెడు బంతిపూలతో వచ్చి, గడపలోనే ఆగిపోయింది. పీట పక్కన పువ్వు నిప్పులా మండుతోంది. అందరి కళ్లూ దాని మీదే.

"వరమ్మా, నీ వంతు అయిపాయ గదమ్మా" అన్నాడు సుందరం.

"నేనేం పట్టుకున్యానా సుందరన్నా? అదే పట్టుకున్యాది. శాతనైతే ఇడిపించు."

విషపు చెట్టును ముట్టే మగవాడు ఆ సంఘంలో లేడు. కృపమణి బంతిపూలను కడవ మొదట్లో పోసి, ముఖం మాడ్చుకుని కూర్చుంది.

అవ్వ వెనక్కి తిరిగింది. మే నెల తర్వాత తాత ముఖం సరిగ్గా చూడటం అదే మొదలు.

"ఇప్పుడు మేల్కొనే ఉండాది. పోయి కడవ నీళ్లు తే."

"కడవ యాడుండాదే? చెట్టుండేది దాంట్లోనే గదా!"

"అయితే చెంబుతో తే."

పాట మొదలైంది. తాత లేచాడు. పాట మధ్యలో చర్చిలోంచి పరుగెత్తిన మొదటి మనిషి మా తాతే.