భావనపాడులో పూల దుప్పటి

స్టూడియోలో కూర్చుని విసుగెత్తి, ఆరుబయట ఫొటోలకు మంచి చోటు వెతుక్కుంటూ ఈ రోజు భావనపాడు వెళ్లాను. ఇసుక దిబ్బ మీద పడవ, దాని వెనక సముద్రం కనిపించేసరికి పన్నెండు ఫొటోల రీలులో ఒక్కటే మిగిలింది. వల బాగుచేసుకుంటున్న ముసలాయనను పడవ ముందు నిలబడమన్నాను. ఆయన ఇంటికి వెళ్లి, తల దువ్వుకుని, పూల దుప్పటి తెచ్చి, పడవలో రెండు తెడ్లు నిలబెట్టి వాటికి అడ్డంగా కట్టేశాడు. సముద్రం మాయమైంది.

"దుప్పటెందుకు తాతా, సముద్రం బాగుంది కదా?" అన్నాను.

"పొటో అంటే ఎనకాల గుడ్డ ఉండాల కదా బాబూ. సముద్రానికేటి, రోజూ ఉంటాది. దుప్పటి కొత్తది."

మిగిలిన ఆ ఒక్క ఫొటో నొక్కేశాను. మా స్టూడియోలో వెనకాల వేలాడే గుడ్డ మీద గీయించింది సముద్రమేనని మాత్రం ఆయనకు చెప్పలేదు. మీరైతే చెప్పేవారా?