పెద్ద లెన్సుతో బీడులో చిక్కుకున్నాను

పిట్టల ఫొటోలు తీయడం నాకు సరదా. దూరపు పిట్టలు అందాలని, చీటీ పాడిన డబ్బుతో పెద్ద లెన్సు కొనాలనుకున్నాను. ముందు వాడి చూడమని అనంతపురం షాపాయన ఒకటి నమ్మి ఇచ్చాడు.

సోమందేపల్లె అవతల బీడు భూమిలో దాన్ని స్టాండుకు బిగించగానే అక్కడి రైతులు చుట్టుముట్టారు.

"సోలారు కంపెనీకి మా భూమి కొలుస్తాండావా? ఎవరు పంపినారు?" అని ఒకాయన లెన్సు పట్టుకున్నాడు.

"పిట్టల కోసమన్నా" అంటే నమ్మలేదు. వదిలి పోదామంటే, అది పగిలితే నా చీటీ డబ్బంతా పోతుంది. ఏడుపొక్కటే తక్కువ.

చివరికి వాళ్లలో ఒక అవ్వను బతిమాలి కెమెరాలో చూడమన్నాను.

"పాలపిట్టేరా, వదలండప్పా" అని, నావైపు తిరిగింది. "దూరం నుంచి గురి పెడితే ఎవురు నమ్ముతారు తల్లీ? దగ్గరికొచ్చి అడగల్ల."

ఆ లెన్సు తిరిగిచ్చి, సగం ధరకు చిన్నది కొన్నాను. ఇప్పుడు ఏ చేనికి పోయినా ముందు మనుషుల్ని పలకరిస్తాను. పిట్టలు ఎక్కడ వాలతాయో వాళ్లే చూపిస్తున్నారు.